కేన్సర్ ఆపరేషన్ అయ్యాక పత్యమని పప్పు, గుడ్డు ఆపేశారు. మెడ దగ్గర కుట్టు మానట్లేదు, ఏం పెట్టాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్ళు. గుడాకు, అంటే వేలితో పళ్ళకి రాసుకునే పొగాకు ముద్ద, అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎడమ బుగ్గ లోపల పుండు పడి కింది దవడ దాకా పాకింది. విశాఖలో ఆపరేషన్ చేయించాం. దవడ ఎముకలో ముక్క తీసి, మెడలో గడ్డలు తీసి, ఛాతీ దగ్గర కండ తిప్పి తెచ్చి బుగ్గకి వేశారు. ఆపరేషనై రెండు వారాలు దాటింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ముక్కులో గొట్టం, తిండంతా దాన్లోంచే.

బాధేంటంటే పత్యం. మా పెద్దమ్మ, మేనత్త ఇద్దరూ ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చి అమ్మ దగ్గరే ఉన్నారు, రాత్రిళ్ళు వంతులేసుకుని మేలుకుంటున్నారు. వాళ్ళ రుణం తీరేది కాదు. కానీ పప్పు పెడితే చీము పడుతుందంటారు, గుడ్డు దురదంటారు, చేప ఊసెత్తనివ్వరు, పాలు కఫమంటారు. గొట్టంలోంచి వెళ్తున్నది బియ్యం గంజి, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు, పూటకోసారి పల్చటి చోడంబలి (రాగి అంబలి). నోరు తెరుచుకోక అమ్మ ఆపరేషన్‌కి ముందే చిక్కిపోయింది. 48 కిలోలుండే మనిషి ఇప్పుడు 41.

మెడ కుట్టు చివర, చెవి కిందగా, ఒకచోట చర్మం విడిపోయి తడిగా ఉంటోంది. పొద్దున గుడ్డ మారిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తడిసిపోతోంది. డిశ్చార్జి కాగితంలో ఆహారం గురించి ఇంగ్లీషులో మూడే మాటలు, హై ప్రోటీన్ డైట్ అని. ఎంత, ఏ రూపంలో, గొట్టంలోంచి ఎలా పంపాలి అనేది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

కాశీనగర్ కోడలు

మీ పోస్టు చదువుతుంటే మా ఇల్లే కనబడింది అన్నయ్యా. మా మావగారికి నాలిక మీద ఆపరేషన్. మా అత్తగారు సొరకాయ, బీరకాయ, గంజి తప్ప దేన్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. నేను కోడల్ని, నోరెత్తి ఏం చెప్తాను? చివరికి ఆసుపత్రిలో డ్రెస్సింగ్ చేసే సిస్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించాం. ఆవిడ తెలుగావిడ. "అమ్మా, గుడ్డు మీ చేత్తో మీరే ఉడకబెట్టి మెత్తగా చేసి పంపండి, పుండుకేమన్నా అయితే నాది పూచీ" అంది. అప్పుడు కదిలారు. కొడుకు చెప్పినా కోడలు చెప్పినా వినని మాట తెల్లకోటు వాళ్ళు చెప్తే వింటారు. మీరు కూడా పెద్దమ్మగార్ని పక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి.

చికిటి రైతు

మాయమ్మది అడ్డచుట్ట తాగి తాగి అంగిట్లో వొచ్చిన కేన్సరు. మా ఏపు ఆడోళ్ళు నిప్పున్న ఏపు నోట్లో పెట్టుకుని తాగుతారు కదా, అది. పైదవడ కోసీసి ప్లేటు పెట్టినారు. పత్యం గోల మాకూ వొచ్చింది. నాను ఒకటే సెప్పాను మా పిన్నికి. నాటేసిన మడికి నీళ్ళు కట్టకుండా గట్టు మీద కూకుని దండం పెట్టుకుంటే పండుద్దా పిన్నీ అని. తర్వాత మాటాడ్లేదు. కోడిగుడ్డు పడింది, సిన్న సేపల పులుసు వడగట్టి పడింది, పెసరపప్పు పడింది. సీమూ లేదు గీమూ లేదు.

వార్డు సిస్టర్, బరంపురం

నేను కేన్సర్ సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. మహేంద్రతనయ గారూ, తిండి సంగతి తర్వాత. ముందు నాకు నాలుగు విషయాలు కావాలి. అమ్మకి షుగర్ ఉందా, ఉంటే ఇంటికొచ్చాక చూశారా? నోటితో నీళ్ళుగానీ మరేదైనాగానీ ఇస్తున్నారా, చుక్కైనా సరే? ఆ తడి ఎలా ఉంది, నీళ్ళలాగానా, జిగురుగానా, పాలలాగా తెల్లగానా, వాసనేమైనా వస్తోందా? జ్వరం ఉందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సిస్టర్, షుగర్ ఉంది, మాత్ర వేసుకునేది. ఇంటికొచ్చాక చూడలేదు. మీరడిగారని ఇప్పుడే పక్కింటివాళ్ళ మిషన్‌తో చూశాను, 286 చూపిస్తోంది. దాహమని ఏడుస్తుంటే పెద్దమ్మ తులసినీళ్ళు చెంచాతో నాలిక మీద పోస్తోంది. ఆ నీళ్ళు పోసిన కాసేపటికే గుడ్డ తడుస్తోందని అత్త ఇప్పుడంటోంది. తడి జిగురుగా ఉంది, తెల్లగా లేదు. కొంచెం వాసన ఉంది. జ్వరం లేదు.

వార్డు సిస్టర్, బరంపురం

అయితే వినండి. నోటి లోపలి కుట్టు దగ్గర చిన్న సందు పడి, ఉమ్మీ నీళ్ళూ మెడ చర్మం దాకా దారి చేసుకుని బయటికొస్తున్నట్టుంది. దీన్ని ఫిస్టులా అంటారు. ఈ ఆపరేషన్లలో ఇది కొందరికి వస్తుంది, కంగారు పడి ఏడవాల్సిన పని లేదు. కానీ ఇంట్లో కూర్చుని మాన్పుకునేది కాదు. రేపు పొద్దున్నే బయల్దేరి ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. ఈ లోపు నోటితో చుక్క నీరు వద్దు. దాహానికి తడిగుడ్డతో పెదాలు తుడవండి, నీళ్ళు గొట్టంలోంచే ఇవ్వండి. పుండులో పసుపు, పౌడరు, కొబ్బరినూనె ఏదీ పెట్టకండి. నొక్కి పిండకండి.

ఇంకోటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. అలాంటి పుండులోంచి ఎర్రటి తాజా రక్తం వస్తే, కొంచెం వచ్చి దానంతటదే ఆగిపోయినా సరే, అర్ధరాత్రైనా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. మెడలో పెద్ద రక్తనాళం ఆ పక్కనే ఉంటుంది. ఉమ్మి నానుతూ ఉంటే దాని గోడ మెత్తబడిపోతుంది. వేసిన కండ నల్లగానో నీలంగానో మారినా అంతే.

షుగర్ 286 అంటే చాలా ఎక్కువ. మేము వార్డులో 180 దాటనివ్వం. షుగర్ పెరిగితే క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, పుండు మానదు. గ్లూకోజ్ పొడి ఈ క్షణమే ఆపేయండి. పత్యమని పప్పు ఆపి గ్లూకోజ్ పోస్తున్నారంటే మానడానికి కావలసింది ఆపి, మాననివ్వనిది పోస్తున్నట్టే కదా.

రాయగడ మాస్టారు

పెద్దవాణ్ణి, ఒక మాట చెప్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. పత్యాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా అమ్మమ్మలు బాలింతకీ, జ్వరం తగ్గినవాడికీ, దెబ్బ తగిలినవాడికీ వేర్వేరు పత్యాలు పెట్టేవారు. అందులో అనుభవం ఉంది. పప్పు తింటే చీము పడుతుందన్నది ఊరంతా అనే మాట, ఊరికే పుడుతుందా?

వార్డు సిస్టర్, బరంపురం

మాస్టారూ, మీరు పెద్దవారు, మీ మాట తీసెయ్యను. జీర్ణం కాని మనిషికి తేలిగ్గా అరిగేది పెట్టమన్నది మంచి మాటే, మేమూ అదే చేస్తాం. నూనెలో మరిగిన వేపుళ్ళు, ఊరగాయలు వద్దన్నదీ మంచిదే.

చీము సంగతి మాత్రం వేరు. పుండులోకి క్రిములు చేరితే రక్తంలోంచి తెల్లకణాలు అక్కడికి వెళ్ళి పోరాడి చస్తాయి. చచ్చిన కణాలు, చచ్చిన క్రిములు, కుళ్ళిన కండ కలిసిందే చీము. పప్పు అక్కడికి వెళ్ళదు. అది పేగులో అరిగి అమైనో ఆమ్లాలుగా రక్తంలో కలుస్తుంది. కొత్త తెల్లకణాలు తయారయ్యేది వాటితోనే. పుండు అంచుల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పీచు అల్లుకునేదీ వాటితోనే. పూర్వం దెబ్బ తగిలితే చీము పట్టడం మామూలు, పప్పు తినడమూ మామూలు. రెండూ ఒకే వారంలో జరిగేవి కాబట్టి నింద పప్పు మీద పడింది. గంజి మీదే ఉంచిన రోగులకి చీము పట్టడం నేను బోలెడు చూశాను. పైగా వాళ్ళకి కుట్లు విప్పాక చర్మం అతుక్కోదు, చేత్తో పట్టుకుంటే విడిపోతుంది.

తిండి చాలకపోతే శరీరం ఊరుకోదు. తొడల కండ, భుజాల కండ కరిగించి ఆ ప్రోటీన్‌తో బతుకుతుంది. అమ్మ లేచి నాలుగడుగులు వెయ్యలేకపోవడానికి, దగ్గి కఫం తియ్యలేకపోవడానికి అదే కారణం. దగ్గలేకపోతే న్యుమోనియా వస్తుంది. పుండు ఒక్కటే కాదు పోయేది.

పథ్యాహారం, గుణుపురం

నేను డైటీషియన్‌ని, మాది గుణుపురం. సిస్టర్ గారు చెప్పినట్టు ముందు ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ డైటీషియన్ ఉంటే తప్పకుండా కలవండి. నేను చెప్పేది అమ్మగారి బరువుకి లెక్క, డాక్టర్ చూసి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, మామూలుగా ఉందని ముందు తేల్చుకోవాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు.

పెద్ద ఆపరేషన్ తర్వాత కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 41 కిలోలకి 50 నుంచి 60 గ్రాములు. శక్తి కిలోకి 30 కేలరీల పైన, అంటే 1250 నుంచి 1400. గ్లాసు గంజినీళ్ళలో ప్రోటీన్ గ్రాము, మహా అయితే రెండు గ్రాములు. కొబ్బరినీళ్ళలో, బార్లీ నీళ్ళలో లేదనే అనుకోండి. ఇప్పుడు మీరిస్తున్నది రోజంతా కలిపినా పది, పదిహేను గ్రాములు దాటదు.

టిన్ను పొడులు కొనలేమని ఎవరూ దిగులు పడక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాటితోనే సరిపోతుంది. ముప్పావు లీటరు పాలలో 24 గ్రాములు వస్తాయి. ఉడికించిన గుడ్లు రెండు, 12. పెసరపప్పో కందిపప్పో 50 గ్రాములు మెత్తగా ఉడికిస్తే ఇంకో 12 దాకా. పుట్నాల పిండి 30 గ్రాములు, 6. చోడిపిండి 60 గ్రాములు, 4. మొత్తం 58. షుగర్ ఉంది కాబట్టి బెల్లం, పంచదార వేయకుండా ఆ లోటు నూనెతో పూడ్చాలి. రోజంతా కలిపి ఐదు టీ చెంచాల నూనె, ఒక్కో ఫీడ్‌లో, అంటే గొట్టంలోంచి ఒకసారి పంపే తిండిలో, కొంచెం కొంచెం కలపండి. కేలరీలు 1300 దగ్గరికొస్తాయి.

షుగర్ పెరుగుతోందని తిండి తగ్గించకండి. తిండి ఇంతే ఉంచి మందు సరిచెయ్యమని డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ పెడతామంటే భయపడి వద్దనకండి, పుండు మానేదాకా అదే మేలు.

జామకాయ, ఉసిరి విటమిన్ సి కోసం మంచివి, కొల్లాజెన్ అల్లుకోవడానికి అది కావాలి. రసం తీసి, గింజ లేకుండా వడగట్టి, పాల ఫీడ్‌తో కలపకుండా విడిగా పంపండి. కలిపితే గొట్టంలోనే పాలు విరిగి గడ్డకడతాయి.

చికిటి రైతు

సెల్లెమ్మా, ఇన్ని పిండులేస్తే గొట్టంలో ఎలగ దిగుద్ది? మాయమ్మకి రెండు తూర్లు గొట్టం మూసుకుపోనాది. తీసి మల్లీ కొత్తది ఏసినప్పుడు ముక్కు లోంచి రగతం వొచ్చింది. ఆ బాద సూడ్లేకపోయాం.

పథ్యాహారం, గుణుపురం

మంచి ప్రశ్న అన్నా. దీనికి మన చోళ్ళలోనే మందుంది. చోళ్ళు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మొలక రానివ్వండి. మొలకెత్తాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించకుండానే పిండి పట్టించండి. మొలకలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది. అంబలి చిక్కగా కాచి దించి, వేలు పెడితే చురుక్కుమనే వేడి ఉన్నప్పుడే ఈ మొలకపిండి ఒక చెంచా వేసి తిప్పండి. కొద్ది నిమిషాల్లో గరిటె నిలబడే అంబలి మజ్జిగలా జారిపోతుంది. అప్పుడు ఇంకోసారి ఒక పొంగు రానిచ్చి దించండి. నీళ్ళు పోసి పల్చన చేస్తే బలం పోతుంది, ఇలా చేస్తే పిండి అంతే ఉంటుంది, గొట్టంలో దిగుతుంది. వేయిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే వేయించొద్దన్నాను.

వేరుశెనగ గొట్టానికి శత్రువు, ఎంత మెత్తగా రుబ్బినా పలుకు మిగులుతుంది. పుట్నాలు నయం. పప్పు, గుడ్డు మిక్సీలో తిప్పి టీ వడకట్టేదాంతో ఒకసారి, పల్చటి గుడ్డతో ఇంకోసారి వడకట్టండి. పచ్చిగుడ్డు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వార్డు సిస్టర్, బరంపురం

గొట్టం గురించి నేను చెప్తాను, ఇది చేత్తో చేసే పని కాబట్టి. రోగిని దిండ్లు పెట్టి సగం కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గీత బయటికి జరిగిందంటే గొట్టం జారినట్టు, ఇక ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. 50 మిల్లీల సిరంజి పిస్టన్ తీసేసి, గరాటులా పట్టుకుని, దానంతటది దిగేలా పొయ్యాలి. నొక్కి తోస్తే కడుపుబ్బరం, వాంతి. ముందు 30 మిల్లీల కాచి చల్లార్చిన నీళ్ళు, తర్వాత 200 మిల్లీల ఫీడ్, మళ్ళీ నీళ్ళు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా రెండున్నర గంటలకోసారి. పోసిన తర్వాత ముప్పావుగంట కూర్చోబెట్టే ఉంచండి. మాత్రలు ఒక్కోటి విడిగా పొడి చేసి నీళ్ళలో కలిపి పంపండి, ఫీడ్‌లో కలపకండి. కొన్ని మాత్రలు పొడి చెయ్యకూడదు, మందుల షాపులో అడగండి.

కలిపిన ఫీడ్ బయట రెండు గంటల కంటే ఉంచకండి. మన ఎండలకి పాలూ పప్పూ కలిసింది ఊరికే పులుస్తుంది. విరేచనాలు పట్టుకుంటే గొట్టం తిండి పడట్లేదని ఆపేస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు చెడిపోయిన ఫీడ్‌ది.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమ్మ నెలల తరబడి సరిగ్గా తినలేదు, బరువు 15 శాతం దాకా పోయింది. ఇలాంటివాళ్ళకి ఒక్కసారిగా పూర్తి తిండి ఇస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే మొదటి రోజు లెక్కలో సగం కంటే తక్కువతో మొదలుపెట్టి, నాలుగైదు రోజుల్లో పెంచుతూ పోతాం. ఆ రోజుల్లో రక్తపరీక్షలు చేస్తాం, బి1 విటమిన్ ముందే ఇస్తాం. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారు, అక్కడే మొదలుపెట్టించండి. ఇంట్లో రేపటి నుంచే అన్నీ కలిపి పోసేయకండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సిస్టర్, రేపు తెల్లారి బయల్దేరుతున్నాం. మీ పోస్టులు రెండూ పెద్దమ్మకి చదివి వినిపించాను. చీము ఎలా పుడుతుందో విన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి పెసరపప్పు నేను కట్టెపొయ్యి మీద మెత్తగా ఉడకబెడతాను, కుక్కర్ వద్దు" అంది. ఆ ఒక్క మాట చాలు నాకు.

బరంపురం పట్టు

మేము గుడ్డు తినం. మా అన్నయ్యకి పెద్దపేగులో కేన్సర్, వచ్చే నెల ఆపరేషన్. ముందు నుంచే ఏమైనా చెయ్యాలా? ఆపరేషన్ అయ్యాక రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువుంటే సీసాలు ఎక్కించాలని, చాలా ఖరీదని ఎవరో అన్నారు.

పథ్యాహారం, గుణుపురం

ఆపరేషన్‌కి ముందే అడిగినందుకు సంతోషం, చాలామంది తర్వాత వస్తారు. ఆరు నెలల్లో బరువు పదో వంతు కంటే ఎక్కువ తగ్గి ఉంటే ఆ సంగతి సర్జన్‌కి మీరే నోరు తెరిచి చెప్పండి. అలాంటివాళ్ళకి 7 నుంచి 14 రోజులు బలమైన ఆహారం ఇచ్చి, అవసరమైతే తేదీ కాస్త జరిపి ఆపరేషన్ చెయ్యడం మంచిదన్నది వైద్యులు ఒప్పుకున్న పద్ధతి.

గుడ్డు లేకపోతే లోటేమీ లేదు. మీల్‌మేకర్ ఎండుది 25 గ్రాముల్లో 13 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అంటే రెండు గుడ్ల పైమాటే. పనీర్ వంద గ్రాముల్లో 18. పెరుగు, పాలు, పప్పు, ఉలవలు ఉండనే ఉన్నాయి. పప్పూ కూరగాయలూ కలిపి వండే మన దాల్మాలో కూరగాయలకంటే పప్పు ఎక్కువ వేసి వండండి. పేగు ఆపరేషన్ తర్వాత మొదట్లో పీచు తక్కువుండాలంటారు, ఉలవలు, ఆకుకూరలు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ని అడగండి.

అల్బుమిన్ ఆపరేషన్ తర్వాత అందరికీ పడిపోతుంది. శరీరం వాపులో ఉన్నప్పుడు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది తగ్గుతుంది, తిండి ఒక్కటే కారణం కాదు. సీసా అల్బుమిన్‌కి వేరే అవసరాలున్నాయి, అది డాక్టర్ తేలుస్తారు. కానీ అది గాయానికి తిండి కాదు. పుండు మానాలని దానికోసం బంగారం తాకట్టు పెట్టకండి.

కాశీనగర్ కోడలు

ప్రయాణాల గురించి ఒక మాట. కేన్సర్ రోగికి చికిత్స కోసం వెళ్ళొచ్చేటప్పుడు రైల్లో రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి వాళ్ళు రైల్వే ఫారం మీద రాసి ముద్ర వెయ్యాలి, టిక్కెట్ కౌంటర్లో ఇవ్వాలి. మాకు తెలిసేసరికి చాలా తిరుగుళ్ళు అయిపోయాయి, అందుకే చెప్తున్నా. ఫీడ్ ఫ్లాస్కులో పట్టుకెళ్ళకండి, దార్లో చెడుతుంది. పొడి విడిగా, వేడినీళ్ళు విడిగా తీసుకెళ్ళి అప్పటికప్పుడు కలపండి.

రాయగడ మాస్టారు

సిస్టర్ గారి వివరణ చదివాను. తర్కంగా ఉంది, ఒప్పుకుంటున్నాను. నాది ఒక విన్నపం. ఈ సరిహద్దు జిల్లాల్లో మనవాళ్ళకి ఒకచోట కాగితాలు ఒడియాలో ఇస్తారు, ఇంకోచోట ఇంగ్లీషులో. ఇంట్లో వండేది చదువురాని ఆడవాళ్ళు, వాళ్ళకి తెలుగు తప్ప రాదు. ఆ ఫీడ్ లెక్క గ్రాముల్లో కాకుండా గ్లాసుల్లో, గరిటెల్లో రాసి పెట్టగలరా? నేను మా వీధిలో అవసరమైనవాళ్ళకి చదివి చెప్తాను.

పథ్యాహారం, గుణుపురం

తప్పకుండా మాస్టారూ. 200 మిల్లీలు పట్టే స్టీలు గ్లాసుతో కొలిస్తే పాలు నాలుగు గ్లాసులకి కొంచెం తక్కువ. పప్పు, పుట్నాల పిండి, చోడిపిండి మాత్రం చారెడు, గుప్పెడు అంటే మనిషిని బట్టి మారిపోతుంది. ఊళ్ళో కిరాణా కొట్టు కాటా మీద 50 గ్రాముల పప్పు, 30 గ్రాముల పుట్నాల పిండి, 60 గ్రాముల చోడిపిండి ఒక్కసారి తూయించి, మీ ఇంటి గిన్నెల్లో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో గోటితోనో మేకుతోనో గీత గీయండి. ఆ మూడు గిన్నెలూ ఆ పనికే ఉంచండి. ఇక చదువుతో పనే లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, ఆసుపత్రిలోనే ఉన్నాం. సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం, ఫిస్టులానే. చేర్చుకుని, పుండు కడిగి, మందు గుడ్డ లోపలికి దోపి డ్రెస్సింగ్ చేస్తున్నారు. ఇన్సులిన్ పెట్టాక షుగర్ 150, 170 మధ్య ఉంటోంది. ఫీడ్ మెల్లగా పెంచి ఇప్పుడు పూర్తి లెక్కకి తెచ్చారు. పెద్దమ్మ వార్డులో పక్క మంచాల వాళ్ళకి మొలకపిండి వెయ్యడం నేర్పిస్తోంది. డ్రెస్సింగ్ ముందు రోజుకి మూడుసార్లు తడిసేది, ఇప్పుడు ఒకసారే. రంధ్రంలో మొదట తెల్లగా, పాలిపోయి ఉండేది, ఇప్పుడు ఎర్రటి కొత్త కండ కనబడుతోంది.

డాక్టర్ గారు తొందరపడుతున్నది రేడియేషన్ గురించి. గడ్డల్లో కూడా కేన్సర్ ఉందట, ఆపరేషనైన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలంటున్నారు, పుండు మానకపోతే మొదలుపెట్టలేమంటున్నారు. సిస్టర్, అమ్మ ఇక్కడ కూడా గుడాకు అడుగుతోంది. ఒక్కసారి వేలితో రాస్తే ఏమవుతుందని అత్త బతిమాలుతోంది. ఏం చెప్పను?

వార్డు సిస్టర్, బరంపురం

ఎర్రటి కండ వస్తోందంటే మంచి కబురు. చిన్న ఫిస్టులాలు చాలామట్టుకు ఇలాగే, గొట్టం తిండితో, డ్రెస్సింగ్‌తో, ఆపరేషన్ లేకుండానే మూసుకుంటాయి. ఆరు వారాల లెక్క వెనక కారణం ఉంది. ఎక్కడైనా కంటికి కనబడని కేన్సర్ కణాలు మిగిలి ఉంటే ఆలస్యమయ్యేకొద్దీ అవి పెరుగుతాయి. పత్యం మూలంగా పుండు ఆలస్యం, పుండు మూలంగా రేడియేషన్ ఆలస్యం. ఇది అత్తగారికి చెప్పండి.

గుడాకు వేలితో రాసినా వద్దు. అందులోని నికోటిన్ సన్న రక్తనాళాల్ని బిగదీస్తుంది. ఆ కొత్త కండకి రక్తం చేరాల్సింది వాటిల్లోంచే. పైగా ఆ వేలు పుండు దగ్గరికి క్రిముల్ని తీసుకెళ్తుంది. అమ్మని కోప్పడకండి, ఇన్నేళ్ళ అలవాటు, శరీరం అడుగుతుంది. మానడానికి మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి. 1800-11-2356కి ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు, ఇంట్లో ఇంకెవరికైనా అలవాటుంటే వాళ్ళూ చెయ్యొచ్చు.

చికిటి రైతు

సిస్టరమ్మా, ఆల్లమ్మకి మెడలోన నెత్తురూ నీరూ బయటికి లాగే డబ్బా గొట్టం ఇంకా ఉందేమో. మా ఊర్లో ఒకాయనకి పాలు మొదలెట్టాక ఆ డబ్బాలో పాలలాటి నీళ్ళు వొచ్చీసినాయి. గొట్టం లోంచి పోసిన పాలు కారిపోతన్నాయని ఆల్లు బెదిరిపోయి తిండే ఆపీసినారు.

వార్డు సిస్టర్, బరంపురం

మంచి పని చేశారన్నా గుర్తుచేసి. అవి తాగిన పాలు కావు. మెడ అడుగున, ముఖ్యంగా ఎడమవైపు, పేగులోంచి కొవ్వుని మోసుకొచ్చే లింఫు నాళం ఉంటుంది. గడ్డలు తీసేటప్పుడు దానికి గీటు పడితే ఆ కొవ్వునీళ్ళు డబ్బాలోకి వస్తాయి. కొవ్వున్న ఫీడ్ మొదలయ్యాకే తెల్లబడతాయి. తిండి ఆపెయ్యకండి, సొంతంగా మార్చకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. నూనె, వెన్నపాలు మానేసి, ఆ లింఫు నాళం దారి పట్టని వేరే రకం కొవ్వుతో ఫీడ్ రాసిస్తారు. చాలామందికి దాంతో తగ్గుతుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

డబ్బా తీసేశారు, తెల్లగా ఎప్పుడూ రాలేదు. చివరిగా ఒకటే అడుగుతాను. నోటితో ఎప్పుడు పెట్టొచ్చు? అమ్మ రోజూ అదే అడుగుతోంది.

వార్డు సిస్టర్, బరంపురం

మెడ గుడ్డ వరసగా కొన్ని రోజులు పొడిగా ఉన్నాక డాక్టర్ పరీక్ష చేస్తారు. కొన్నిచోట్ల నీలం మందు కలిపిన నీళ్ళు తాగించి మెడ దగ్గర నీలం కనబడుతుందేమో చూస్తారు, కొన్నిచోట్ల ఎక్స్‌రే మందు మింగిస్తారు. ఏమీ బయటికి రాకపోతేనే నోటితో మొదలు. మొదట ఇచ్చేది నీళ్ళు కాదు. నీళ్ళు గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గట్టి పెరుగు, మెత్తగా మెదిపిన పెసరపప్పు అన్నం, చిక్కగా ఉడికిన సగ్గుబియ్యం, ఇలాంటి చిక్కటివి అరచెంచా చొప్పున, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి మింగమనండి. ఆపరేషన్ కాని వైపు పెట్టండి. మింగిన తర్వాత ఒకసారి దగ్గమనండి. నోటితో రోజుకి కావలసినదంతా తినగలిగేదాకా గొట్టం తీయించకండి. రేడియేషన్ మొదలయ్యాక రెండో, మూడో వారంలో నోరు పూస్తుంది, అప్పుడు మళ్ళీ ఆ గొట్టమే ఆదుకుంటుంది.